ఏ పనీ లేని మొక్క

ఆ కాంప్లెక్సులో తొంభై ఆరు ఫ్లాట్లు. వాటిలో గిల్లుడత్తకు నచ్చిన ఫ్లాటు ఒక్కటే, మొదటి అంతస్తులో మూలది. దానికి పదకొండేళ్లుగా తాళం వేసి ఉంది. అందులోవాళ్లు ఎవరో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. వాళ్లు కిందికి దిగి మొక్కల దగ్గర నిలబడి సలహా చెప్పిందీ లేదు. అంతకన్నా మర్యాదస్తులు ఎక్కడుంటారు?

మిగతా తొంభై అయిదింటి సంగతి అడక్కండి. కుండీలో మొక్క పెట్టి, దాని మీద టీ గిన్నె కడిగిన నీళ్లు గుమ్మరించి, అది చచ్చాక "నా చేతికి మొక్కలు అచ్చిరావండీ" అని తప్పు చేతి మీదికి నెట్టేసే రకం ఒకటి. ఊరెళ్తూ బాల్కనీ మొక్కల్ని ఎర్రటి ఎండలో వదిలేసి, తిరిగొచ్చి "అయ్యో, ఎండిపోయాయే!" అని మొక్కల్నే నిష్ఠూరమాడే రకం ఇంకొకటి. వీళ్లందరినీ గిల్లుడత్త ఒకే గాట కట్టేసింది. ఎవరు ఎదురుపడినా మాటతో గిల్లకుండా వదిలేది కాదు. గేటు దగ్గర వాచ్‌మన్లు ఆవిడకు ఆ పేరు పెట్టింది అందుకే. ఆవిడకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఊరుకుంది, అబద్ధమైతే కదా కోపం రావడానికి!

ఆవిడ పని ఆ కాంప్లెక్సులో తోట చూడటం. అంతకుముందు పదిహేనేళ్లు ఒక నర్సరీలో చేసింది. మట్టి జల్లించి సంచులు నింపడంతో మొదలుపెట్టి, కొమ్మ ముక్కలు నాటి వేళ్లు తెప్పించే షెడ్డు దాకా వెళ్లింది. ఏ ముక్క బతుకుతుందో, ఏది కుళ్లుతుందో కణుపు నొక్కి చూసి చెప్పేది. ఇల్లు దూరమైందని ఆ పని మానేసి ఈ కాంప్లెక్సుకు వచ్చింది. వచ్చిన మొదటిరోజే సెక్రటరీని చూసి, "ఇదేం ఖర్మ" అనుకుంది.

సెక్రటరీ ఏదో ఆఫీసులో ముప్పయ్యేళ్లు ఫైళ్లు తిప్పి రిటైరైన మనిషి. తిప్పడానికి ఫైళ్లు లేకపోయేసరికి చేతులు దురదెట్టి నోటీసులు మొదలుపెట్టాడు. లిఫ్టులో ఒక నోటీసు, మెట్ల దగ్గర ఒకటి, చెత్తడబ్బా మీద ఒకటి. అన్నింటికీ ప్లాస్టిక్ తొడుగు, కింద సంతకం. గిల్లుడత్త ఆయన ముందు "సార్" అనేది, వెనక "నోటీసుబాబు" అనేది. గేటు నుంచి మెట్ల దాకా దారికి రెండు వైపులా అప్పట్లో పచ్చిక ఉండాల్సిన చోట బోడినేల ఉండేది. ఆ బోడినేలలో కూడా ఆయన "గడ్డి మీద నడవరాదు" అని బోర్డు పాతించాడు. నడవడానికి గడ్డేదీ? చూసి నవ్వీ నవ్వీ ఆవిడకు కడుపు నొప్పి పుట్టింది.

అలాంటి మనిషి ఒకరోజు ఆవిడను పిలిచి, కాగితం మీద రాసుకొచ్చింది చదివాడు.

"ఇక్కడ ఏదైనా మొక్క వెయ్యాలి. నీళ్లు ఎక్కువ తాగకూడదు. కత్తిరించే పని ఉండకూడదు. చెత్త రాలకూడదు. పురుగు పట్టకూడదు. నేలంతా కప్పెయ్యాలి. చూడ్డానికి రంగురంగులుగా ఉండాలి. ఒక్కమాటలో చెప్పాలంటే, ఏ పనీ ఉండకూడదు."

"ప్లాస్టిక్‌ది తెచ్చి పరిచెయ్యండి సార్, దుమ్ము దులుపుకుంటే చాలు," అంది గిల్లుడత్త.

"వేళాకోళమా?"

"నాకెందుకు సార్ వేళాకోళం. మీరడిగిందే చెప్పాను."

అన్నదే గానీ, మర్నాడు నర్సరీకి వెళ్లి రెండు గోతాల నిండా కొమ్మ ముక్కలు తెచ్చింది. నేల మీద పాకే మొక్క అది. ఆకు మధ్యలో గులాబీ చారలు, అంచుకు మీగడ తెలుపు, అక్కడక్కడ లేత పచ్చ. పువ్వుల కోసం ఎదురుచూడక్కర్లేదు, ఆకే పువ్వులా ఉంటుంది. ఆవిడ జానెడు లోతు నేల గుల్ల చేసి, ఎండుటాకుల ఎరువు కలిపి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా ఒక్కొక్క ముక్కనూ ఏటవాలు వరసల్లో గుచ్చింది. రెండు వారాలు పొద్దునా సాయంత్రం చిల్లుల మూతి చెంబుతో సన్నగా నీళ్లు చిలకరించింది. మూడు నెలలయ్యేసరికి రెండు మడులూ మట్టి కనపడకుండా నిండిపోయాయి. వచ్చేపోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకోవడం మొదలైంది. నోటీసుబాబు ఊరుకుంటాడా? మడి మొదట్లో ఒక పలక వెలిసింది: "ఈ సుందర ఉద్యానం మీ కమిటీ కృషి ఫలితం." కమిటీలో ఒక్కడికీ గోట్లో మట్టి లేదు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే.

ఆ మొక్కకు పని ఉండదన్నది చాలావరకు నిజమే. నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది, పురుగు దాని జోలికి పెద్దగా రాదు. కానీ దానికో బుద్ధి ఉంది. దాని మూలం ఉత్త పచ్చ. ఎప్పుడో ఏదో కొమ్మకు రంగు తిరిగితే మనుషులు ముచ్చటపడి ఆ కొమ్మనే తుంచి తుంచి పెంచుకున్నారు. మొక్క మాత్రం పాత బుద్ధి మరిచిపోదు. గుబురులో ఎక్కడో ఒక రెమ్మ రంగు వదిలేసి పచ్చగా లేస్తుంది. పచ్చదానికి సత్తువ ఎక్కువ. పక్కనున్న రంగు రెమ్మ జానెడు పాకేలోపు అది మూరెడు పాకుతుంది, మీదెక్కి దాని వెలుతురంతా మింగేస్తుంది. "రంగుదానికి సోకు, పచ్చదానికి ఒళ్లు" అనేది గిల్లుడత్త. దాన్ని చిన్నప్పుడే కణుపు దాకా గిల్లెయ్యాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకూడదు కదా.

ఆవిడ రోజూ తెల్లవారగానే వచ్చి, గేటు దగ్గర మొదలుపెట్టి మెట్ల దాకా మోకాళ్ల మీద నడిచేది. ఆకుల్ని చేత్తో పక్కకు తప్పించి, ఎక్కడ పచ్చ రెమ్మ కనపడితే అక్కడ గిల్లి, నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకునేది. ఒక్క ఆకు దారి మీద పడనిచ్చేది కాదు. సంచి నిండితే జనరేటరు గది వెనక గోతిలో పోసి మట్టి కప్పేది. ఫ్లాట్లలో మొదటి కిటికీ తెరుచుకునే వేళకు పని ముగించుకుని, చేతులు కడుక్కుని, గట్టు మీద కూర్చుని టీ తాగేది. పని చేసినట్టు ఆనవాలు మిగలకూడదు, అదీ ఆవిడ పంతం. పని చేస్తూ పదిమందికి కనపడేవాళ్లంటే ఆవిడకు పరమ అసహ్యం. "చీపురు చప్పుడు చేసేవాళ్లంతా ఊడ్చినట్టా?" అనేది, మెట్లు ఊడ్చే ఆవిడతో. ఆవిడ మూతి ముడుచుకునేది, ఎందుకంటే నిజంగానే చప్పుడు చేస్తుంది.

అలా పదేళ్లు గడిచాయి. మడులు మొదటి ఏడు ఎలా ఉన్నాయో పదో ఏడూ అలాగే ఉన్నాయి. అదే కొంప ముంచింది.

పదకొండో ఏడు కమిటీ వాళ్లు ఖర్చులు తగ్గించుకోవాలని హాల్లో కూర్చున్నారు. గిల్లుడత్తను పిలిచి తలుపు దగ్గర నిలబెట్టారు.

"నీ మీద మాకేం కోపం లేదమ్మా," అన్నాడు నోటీసుబాబు. "కానీ నువ్వే చెప్పు. ఆ మొక్కలకి పనేముంది? అవే పెరుగుతాయి, అవే ఉంటాయి. నేను నడకకి దిగేసరికి నువ్వు గట్టు మీద కూర్చుని టీ తాగుతూ ఉంటావు. పదేళ్లుగా అదే చూస్తున్నా."

"మా బాల్కనీలోంచి నేనూ చూస్తాగా," అంది మూడో అంతస్తు ఆవిడ. "పాపం, కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటుంది."

అందరూ నవ్వారు. నీళ్లు వాచ్‌మన్ పైపుతో కొట్టేస్తాడనీ, ఇక తోటమనిషి అక్కర్లేదనీ అప్పటికే రాసేసుకున్నారు. సంతకాలు కూడా అయిపోయాయి.

చెప్పాలంటే ఒక్క నిమిషం పని. పచ్చ రెమ్మ ఒకటి తెచ్చి బల్ల మీద పెడితే సరిపోయేది. గిల్లుడత్త ఆ మొహాలన్నీ ఒకసారి కలయజూసింది. పదేళ్లు ఆ మడి పక్కనుంచే నడిచి, తాము చూస్తున్నదేమిటో తెలియని మొహాలు. వీళ్లకు నేను చెప్పుకోవాలా, వీళ్లకా, అనుకుంది. ఒళ్లు మండిపోయింది.

"పని కనపడకపోతే లేనట్టే సార్," అంది. "వస్తా."

ఇంట్లో ఆవిడ భర్త ముందు గదిలో మిక్సీలూ ఫ్యాన్లూ విప్పుకుని కూర్చుని ఉంటాడు. సంగతంతా విని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఆ పచ్చ రెమ్మల సంగతి చెప్పావా?"

"లేదు."

"ఏం?"

"అడగలేదు."

"ఓసి నీ అసాధ్యం కూలా! అడగందే అమ్మైనా పెట్టదంటారు, చెప్పందే సెక్రటరీకి ఎలా తెలుస్తుందే?"

"కళ్లున్నాయిగా. చూసుకోమను. నాలుగు నెలలయ్యా, నాలుగే నెలలు. మడి మొత్తం పచ్చబడుతుంది. గులాబీ రంగు ఏదీ, తెలుపు ఏదీ అని గుండెలు బాదుకుంటారు. ఆ నోటీసుబాబు మన గుమ్మంలోకి కాళ్లబేరానికి వస్తాడు. అప్పుడు చెప్తాను."

"వస్తాడు, వస్తాడు. కుర్చీ తుడిచి పెట్టనా?"

"నవ్వు. నవ్విన నాపచేనే పండుతుంది."

ఆవిడను తీసేశారని తెలిసి పాత నర్సరీ యజమాని కబురు పెట్టాడు. కొమ్మ ముక్కల షెడ్డు చూసే మనిషి మానేసిందనీ, ఆ షెడ్డు మొత్తం ఆవిడ చేతిలో పెడతాననీ అన్నాడు. మనసులో ఆవిడ పొంగిపోయింది. బయటికి మాత్రం, "నాలుగు నెలలాగండి. వాళ్లు నన్ను పిలవాలి, నేను రానని చెప్పాలి. ఆ తర్వాత వస్తాను," అంది.

యజమాని తెల్లబోయాడు. "రానని చెప్పడానికి నాలుగు నెలలు ఖాళీగా కూర్చుంటావా తల్లీ? వానలొస్తున్నాయి, నాకు ఇప్పుడే మనిషి కావాలి."

"అయితే మీ ఇష్టం."

ఆయన నెల చూసి ఇంకొకరిని పెట్టుకున్నాడు. ఆ రోజు భర్త అన్నం ముందు కూర్చుని ఒక్క ముద్ద కూడా తినకుండా లేచాడు. "వాళ్ల మీద కోపంతో మన పొయ్యి ఆర్పుకుంటావా?" అన్నాడు. గిల్లుడత్తకు ఇప్పుడు కావలసింది ఒక్కటే, వాళ్లకు తెలిసిరావాలి. ఆ పిలుపు కోసం ఉన్న దారులన్నీ మూసుకుని కూర్చుంది.

మెట్లు ఊడ్చే ఆవిడ అప్పుడప్పుడూ వచ్చి కబుర్లు మోసేది. మొదటి నెల, "ఏం తేడా లేదు వదినా," అంది. రెండో నెల, "అక్కడక్కడ పచ్చ లేచింది." మూడో నెల, "సగం పచ్చే." ఆ మాట విన్న రోజు గిల్లుడత్త పండగ చేసుకున్నంత పని చేసింది. పక్కింటి ఆవిడను పిలిచి మరీ టీ ఇచ్చింది. పక్కింటి ఆవిడ ఎందుకో తెలియక బిక్కుబిక్కుమంటూ తాగి వెళ్లింది. వానలకు పచ్చ రెమ్మలు రెచ్చిపోయాయి. నాలుగో నెల దాటి వారమయ్యాక, మెట్లు ఊడ్చే ఆవిడ రొప్పుతూ వచ్చింది.

"వదినా, సెక్రటరీ నిన్ను రమ్మంటున్నాడు! మొక్కల గురించేనట. రేపు పొద్దున్నే రమ్మన్నాడు."

"చెప్పలా!" అని భర్త వైపు తిరిగింది గిల్లుడత్త. "విన్నావా? చెవుల్లో పడిందా?"

"పడింది లేవే. వెళ్లి మళ్లీ నోరు పారేసుకోకు."

"నోరు పారేసుకుంటానా? పరిచి ఆరబెడతాను." ఆ రాత్రంతా ఆవిడ మాటలు పేర్చుకుంది. మొదట నోటీసుబాబు చెప్పేది వినాలి. తర్వాత మూడో అంతస్తు ఆవిడను కిందికి పిలిపించాలి. ఆవిడ నోటితోనే పచ్చ రెమ్మకూ రంగు రెమ్మకూ తేడా ఏమిటో చెప్పించుకోవాలి. పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరింది.

గేటు దాటగానే ఆగిపోయింది. రెండు మడులూ పచ్చగా, దట్టంగా, మోకాళ్ల ఎత్తు లేచి దారి మీదికి ఒరిగాయి. ఆవిడ గిల్లి గిల్లి పదేళ్లు ఆపిన పచ్చ అంతా ఒక్కసారే లేచింది. మధ్యమధ్య అడుగున ఎక్కడో నాలుగైదు చోట్ల గులాబీ రెమ్మలు వెలుతురు లేక పాలిపోయి కనిపించాయి. గెలిచాననుకోవాలి. కానీ వాటిని చూడగానే గుండె కలుక్కుమంది.

నోటీసుబాబు ఎదురొచ్చాడు. మొహం చేటంత చేసుకుని ఉన్నాడు.

"రా అమ్మా, రా! చూశావా, ఎంత ఏపుగా పెరిగిందో! నీళ్లు తప్ప ఏమీ చెయ్యలేదు. అందరూ ఒకటే మెచ్చుకోవడం. కళ్లకి ఎంత చల్లగా ఉందో అంటున్నారు. ఎదురు కాంప్లెక్సు వాళ్లు కూడా ఇదే వేసుకుంటారట. ఇంతకీ ఈ పచ్చ మొక్క పేరేమిటి?"

గిల్లుడత్త ఆయన మొహంలోకి చూసింది. వెటకారమేమో అని వెతికింది. లేదు. మనిషి నిజంగానే సంతోషంగా ఉన్నాడు. మెట్ల మీదినుంచి దిగుతున్న మూడో అంతస్తు ఆవిడ, "బాగుంది కదూ? ముందు ఏదో మచ్చమచ్చలుగా ఉండేది," అంటూ కారు వైపు వెళ్లిపోయింది.

"మరి నన్నెందుకు పిలిచారు సార్?"

"అదే చెప్పబోతున్నా. అదుగో, అడుగున చూడు, అక్కడక్కడ ఆకులకి రోగం పట్టింది. ఎర్రబడి, తెల్లబడి ఉన్నాయి. మిగతావాటికి అంటుకోకముందే వాటిని ఏరి పారెయ్యాలి. వాచ్‌మన్‌కి చేతకావడం లేదు, మంచివీ పీకేస్తున్నాడు. నీకు చెయ్యి తిరిగిన పని కదా."

ఛీ, నీ కళ్లు కాలిపోనూ, అనాలి. నోటి చివరిదాకా వచ్చింది. వీడికి ఇప్పుడు చెబితే ఏం చెప్పాలి? రోగం కాదురా, అదే మొక్క అని చెప్పాలా? చెప్పినా, "అయితే ఇదే బాగుందిగా" అంటాడు. రాత్రంతా వాళ్లు ఏడుస్తారనే అనుకుంది గానీ, పోయిందేమిటో వాళ్లకు తెలియదన్న ఆలోచనే రాలేదు.

ఉత్త చేతులతో వెళ్తే ఇంట్లో భర్త ఊరుకోడు, నర్సరీలో చోటు లేదు. గిల్లుడత్త చీర పైకి దోపుకుని మోకాళ్ల మీద కూర్చుంది. పచ్చ రెమ్మల్ని పక్కకు తప్పించి, అడుగున ఉన్న గులాబీ రెమ్మను కణుపు దాకా గిల్లింది. రెండోది గిల్లింది. వేళ్లకు ఆ కణుపులు తెలుసు, వాటిని ఇలా తుంచడం మాత్రం కొత్త. నోటీసుబాబు చేతులు కట్టుకుని పక్కనే నిలబడి, మడి సగం అయ్యేదాకా కదలకుండా చూశాడు. చూసి చూసి తల పంకించాడు.

"ఎంత ఓపికమ్మా నీది! ఒక్కో ఆకూ వెతికి మరీ తీస్తున్నావే. అప్పుడు కూడా ఇలాగే పని చేసి ఉంటే నిన్నెందుకు తీసేస్తాం చెప్పు?"

గిల్లుడత్త చెయ్యి ఆగిపోయింది. అన్నవాడు మూర్ఖుడే, కానీ అన్నది తిప్పికొట్టే మాట కాదు. పదేళ్లు ఎవరి కంటా పడకుండా తానే దాచింది, వాళ్లు చూడలేదని తానే చీదరించుకుంది. ఏడుపొచ్చింది. తల ఇంకా కిందికి వంచుకుంది.

"వారానికో రోజు వచ్చి ఈ రోగం ఆకులు ఏరిపెడతావా మరి?" అన్నాడు నోటీసుబాబు.

"వస్తాను సార్," అంది.

ఆయన సంతృప్తిగా నోటీసు రాసుకోవడానికి లోపలికి వెళ్లాడు. ఆవిడ రెండో మడి వైపు జరిగింది.